పెంట, కంచ, వనం: నల్లగొండ, పాలమూరు మెట్టసీమల వృక్షసంపద చరిత్రకు పదసాక్ష్యం

ఉపోద్ఘాతం

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల భౌగోళిక వర్ణనల్లో 'సహజ వృక్షసంపద' అనే శీర్షిక తప్పక కనిపిస్తుంది. దాని కింద తుప్పలు, ముళ్ళపొదలు, అక్కడక్కడ తాటి, ఈత చెట్లు, దక్షిణాన నల్లమల ఆకురాల్చే అడవి అని పేర్కొని ముగించడం పరిపాటి. ఇందులో 'సహజ' అనే విశేషణం ఒక ముఖ్యమైన ప్రశ్నను అడగకముందే మూసివేస్తున్నది. కనీసం 4,000 ఏళ్ళుగా పశువులు మేసిన నేల, మనిషి నిప్పు పెట్టిన నేల, గీసిన చెట్టు, నరికి మళ్ళీ చిగురింపనిచ్చిన పొద ఎంతవరకు 'సహజం'? ఆ వృక్షసంపదను నేటి రూపానికి తెచ్చిన మానవ వ్యవహారం ఏది?

జర్మన్ భూగోళ శాస్త్రవేత్త కార్ల్ ట్రోల్ 1939లో విమాన ఛాయాచిత్రాల అధ్యయనం ఆధారంగా 'భూదృశ్య జీవావరణ శాస్త్రం' అనే పేరును ప్రతిపాదించాడు. నేల, నీరు, మొక్క, జంతువు, మనిషి ఒకే చోట అల్లుకొన్న తీరును ఒకే చూపుతో చూడాలన్నది ఆ శాస్త్రపు మూలసూత్రం. ఆకాశం నుంచి తీసిన చిత్రం ఏ తుప్ప ఎంత మేర ఉన్నదో చూపగలదు. ఆ తుప్పను ఎవరు, ఏ నెలలో, ఏ హక్కుతో కొట్టేవారో చూపలేదు. అది తెలియాలంటే ఆ నేలకు ప్రజలు పెట్టుకొన్న పేర్ల దగ్గరకు రావాలి. ఈ వ్యాసం ఆ పేర్లను చారిత్రక ఆధారాలుగా స్వీకరిస్తున్నది.

పరిశీలనలో తేలిన ప్రధానాంశాన్ని ముందే చెప్పడం ఉచితం. ఈ సీమ ప్రజల పదజాలం నేలను వాడకాన్ని బట్టి, ఆ వాడకానికి ఉన్న రుతువును బట్టి గుర్తించింది. రాజ్యం పదజాలం అదే నేలను పన్నును బట్టి, పట్టాను బట్టి గుర్తించింది. మొదటి రకం మాటల స్థానాన్ని రెండో రకం మాటలు ఆక్రమించిన క్రమమే ఈ సీమ వృక్షసంపద ఆధునిక చరిత్రలో కీలక ఘట్టం. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పటికీ, చారిత్రక సౌలభ్యం కోసం ఈ వ్యాసంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ అన్నప్పుడు పాత జిల్లాలనే ఉద్దేశించడం జరిగింది.

నేల తీరు, ఊళ్ళ పేర్లు

ఈ రెండు జిల్లాల్లో అధికభాగం గ్రానైటు రాతినేల. ఏడాదికి సగటున 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన, అదీ ఎక్కువగా నాలుగు నెలల్లోనే కురుస్తుంది. గుట్టల మీద నుంచి జారిన నీరు ఒర్రెల్లో, వాగుల్లో చేరి కుంటలకు, చెరువులకు వస్తుంది. గుట్టకు దిగువన చెలక, పల్లంలో రేగడి, చెరువు కింద తరి. ఈ వరుసను రైతు ఒక్క చూపులో చదవగలడు. పాశ్చాత్య భూదృశ్య శాస్త్రంలో 1986లో ఫోర్మన్, గాడ్రన్ అనే శాస్త్రవేత్తలు నేలను తునకలుగా, వాటిని కలిపే దారులుగా, వాటి చుట్టూ పరచుకొన్న ప్రధాన భూమిగా విభజించి చూపారు. ఆ దృష్టితో చూస్తే పాలమూరులో చెలక పరచుకొన్న భూమి, గుట్ట తునక, వాగు దారి. గుట్ట మీది పక్షి వాగు ఒడ్డు ఈతల మీదుగా చెరువు తుమ్మలకు చేరుతుంది. పశువూ ఇంచుమించు ఆ దారినే నడుస్తుంది.

ఊళ్ళ పేర్లలో చెట్లు విస్తారంగా కనిపించడం ఈ సందర్భంలో గమనార్హం. నల్లగొండ సీమలో పిల్లలమర్రి, నేరేడుచర్ల, చింతపల్లి, మర్రిగూడ, వేములపల్లి, తాటిపాముల వంటివి ఇందుకు ఉదాహరణలు. సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రి 12వ శతాబ్ది చివరినాటికే రేచర్ల రెడ్ల ఆలయాలతో, శాసనాలతో వెలసిన ఊరు. పినవీరభద్రుని ఇంటిపేరుగా తెలుగు సాహిత్యానికి అది సుపరిచితం. మహబూబ్‌నగర్ సమీపంలో అదే పేరుతో ఉన్న మహావృక్షం ఊడలు దించుకొని ఎకరాల మేర విస్తరించి నేటికీ నిలిచి ఉంది. మధ్యయుగ దానశాసనాలు పొలమేరలు చెప్పేటప్పుడు చెట్టును, పుట్టను, గుండును, వాగును హద్దులుగా పేర్కొనడం శాసన పరిశోధకులకు తెలిసినదే. హద్దుగా నిర్ణయించిన చెట్టును నరికితే హద్దే పోతుంది. కాబట్టి హద్దు కావడమే ఆ చెట్టుకు రక్షణ. చెట్టు బతకడానికి ప్రకృతి ఎంత కారణమో, దానిపై సమాజం మోపిన అర్థమూ అంతే కారణమనడానికి ఇది తొలి నిదర్శనం.

ఉట్నూరు బూడిద దిబ్బ: పెంట

ఈ సీమలో మనిషికీ పచ్చికకూ ఉన్న సంబంధానికి అతి ప్రాచీనమైన ఆధారాలలో ఒకటి పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో దొరికింది. ఇది ఆదిలాబాదు జిల్లాలోని ఊరు కాదు. పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ 1957లో ఇక్కడి బూడిద దిబ్బను తవ్వి, ఫలితాలను 1961లో ప్రకటించాడు. 1963లో దక్షిణ భారత నవీన శిలాయుగ పశుపాలకుల గురించి సమగ్ర గ్రంథం వెలువరించాడు. దిబ్బలోని పొరలు పేడ పేరుకొని కాలగా ఏర్పడినవని అతడు నిరూపించాడు. గుంజలు పాతిన గుంతలు వరుసగా బయటపడి, అక్కడ దొడ్డి ఉండేదని తెలిపాయి. గట్టిపడిన పొరల్లో పశువుల గిట్టల గుర్తులు కూడా దొరికాయి. దొడ్డి కాలడం, మళ్ళీ కట్టుకోవడం పలుమార్లు జరిగింది. దీని కాలం క్రీ.పూ. మూడవ సహస్రాబ్ది. ఆ మంటలను ఆల్చిన్ నేటి పశువుల పండుగల్లోని మంటలతో పోల్చి చూశాడు.

ఈ తవ్వకం వృక్షసంపద చరిత్రకు రెండు విషయాలు చెబుతున్నది. వరి తరి పొలాలకంటే ఎంతో ముందే ఈ సీమలో మంద ఉంది. మంద ఉన్నదంటే మేత ఉంది, మేత కోసం తిరుగుడు ఉంది. అంటే ఇక్కడి గడ్డిభూములు, పొదలు నాటినుంచి పశువు నోటికి అలవాటుపడుతూ వచ్చాయి. మేతకు తట్టుకొన్నవి మిగిలాయి, తట్టుకోలేనివి గుట్టల సందుల్లోకి తగ్గిపోయాయి. రెండవది, నిప్పు ఇక్కడ ప్రమాదంగా మాత్రమే వచ్చినది కాదు. మనిషి పదేపదే వాడిన సాధనం కూడా.

ఇక్కడ 'పెంట' అనే మాట ప్రస్తావనకు వస్తుంది. ఊరి తెలుగులో పెంట అంటే పేడకుప్ప. నల్లమలలో పెంట అంటే చెంచుల నివాసం. అప్పాపూర్ పెంట, మల్లాపూర్ పెంట వంటి పేర్లు నేటికీ వ్యవహారంలో ఉన్నాయి. పేడ పేరుకొన్న చోటు, మనుషులు నిలిచిన చోటు అనే రెండు అర్థాలను ఒకే పదం మోస్తున్నది. ఉట్నూరు దిబ్బకూ ఈ పదానికీ నేరుగా ముడివేయడం సాహసమే అవుతుంది. అయితే మంద నిలిచిన చోటే మనిషి నిలిచిన చోటు కావడం ఈ సీమలో ఎంత పాత అనుభవమో ఆ తవ్వకం చూపిస్తే, ఆ రెండు అర్థాలు ఒకే మాటలో ఎలా ఇమిడి ఉండగలవో భాష చూపిస్తున్నది.

కంచ, గైరాను, బంచరాయి

మేతభూమికి తెలంగాణలో మూడు పేర్లు ప్రసిద్ధం. మూడింటి పుట్టుకలూ వేరు.

'కంచ' తెలుగు మాట. కంచె అనే మాటతో దీనికి సంబంధం స్పష్టం. ముళ్ళకంపతో ఆపి, గడ్డి పెరగనిచ్చిన నేల కంచ. ఈ పేరులోనే ఒక కాలపట్టిక ఉంది. వానకాలంలో మూయాలి, గడ్డి ముదిరాక కోయాలి, ఆ పిదప పశువులను వదలాలి. ఎప్పుడూ మూసి ఉన్నది కంచ కాదు, ఎప్పుడూ తెరిచి ఉన్నదీ కంచ కాదు. హద్దు దాటిన పశువును కట్టివేసే బందెలదొడ్డి ఈ క్రమానికి వెనుక ఉన్న శిక్షారూపం. కంచలన్నీ ఊరుమ్మడి కావు. జాగీర్దార్ల, దేశముఖుల అధీనంలో ఉన్నవి అనేకం. కాబట్టి ఈ వ్యవస్థను గతకాలపు సమానత్వంగా చిత్రించడం చరిత్రకు న్యాయం చేయదు. అయితే యజమాని ఎవరైనప్పటికీ, ఆ నేల గడ్డికోసం ఆగవలసిన నేల అన్న అవగాహన మాత్రం అందరిదీ.

'గైరాను' మరాఠీ గాయ్‌రాన్ నుంచి వచ్చింది. ఆవు మేసే అడవి అని అర్థం. నిజాం రాజ్యంలో మరాఠీ, కన్నడ, తెలుగు ప్రాంతాలు ఒకే రెవెన్యూ భాష కింద ఉండడంతో ఈ మాట తెలంగాణ గ్రామ రికార్డుల్లో స్థిరపడింది. ఇందులో వాడకం ఉంది గాని, కంచలో ఉన్నట్లు కాలం లేదు.

'బంచరాయి'లో బన్, చరాయీ అనే హిందుస్తానీ మాటలు కనిపిస్తాయి. చరాయీ అంటే మేత, మేతకు చెల్లించే రుసుము కూడా. ఆ రెండో అర్థాన్ని తీసుకొంటే, పన్నును చెప్పే మాట నేలకు పేరుగా నిలిచిందన్నమాట. కృష్ణకు ఆవలి ఒడ్డున, నల్లమల అంచునే ఉన్న పల్నాడులో ఇలాంటి పన్నుకే 'పుల్లరి' అని పేరు. అక్కడ 1921లో పుల్లరి వ్యతిరేక సత్యాగ్రహం జరిగింది. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో మరణించాడు. బ్రిటిషు మద్రాసు వైపు మేతపన్ను పేరు ఒక పోరాటానికి గుర్తుగా మిగిలింది. నిజాం వైపు అదే భావం నేల పేరులో కలిసిపోయి, పన్ను అన్న స్పృహ కూడా మిగలకుండా పోయింది. ఒకే అడవికి రెండు ఒడ్డుల మీద రెండు పాలనలు ఎలా రెండు జ్ఞాపకాలను మిగిల్చాయో చెప్పడానికి ఈ రెండు మాటలు చాలు.

మేతభూమిని పశువుల కాపరులు మాత్రమే వాడలేదు. తంగేడు చెక్క తోలు పదును పెట్టడానికి, తంగేడు కొమ్మ పొలానికి పచ్చిరొట్టగా, తంగేడు పువ్వు బతుకమ్మకు పనికివచ్చింది. బతుకమ్మలో తంగేడు పక్కన నిలిచే గునుగు చెలకల్లో మొలిచే కలుపు. మేత భూమి, సాగు భూమి రెండింటి పువ్వులూ ఒకే పళ్ళెంలో చేరడం ఈ సీమ భూదృశ్యానికి సంక్షిప్త రూపమని చెప్పవచ్చు. ఇక కురుమల, గొల్లల గొర్రెలు కోత అయిన పొలాల్లో రాత్రి మంద నిలిచి ఎరువునిచ్చేవి. గుట్ట మీది ఆకు గొర్రె కడుపు ద్వారా చెలకకు చేరే ఈ రవాణా లేకపోతే ఎర్రనేలల సాగును ఊహించడం కష్టం.

ఈతవనం, శిఖం

పట్టణవాసి కంటికి వాగు ఒడ్డున గుంపుగా ఉన్న ఈత చెట్లు అడవి మొక్కలు. గీత కార్మికునికి అది 'వనం'. సంస్కృతంలో అడవిని చెప్పే వనశబ్దం తెలంగాణ ఊళ్ళలో ఈతవనం, తాటివనం అన్నప్పుడు నిర్వహణలో ఉన్న చెట్ల సముదాయమనే అర్థాన్ని సంతరించుకొంది. విత్తనం తానుగా మొలిచినా, చెట్టు వనంలో చేరేది గీత మొదలైనప్పుడే.

గీతలో ఉన్న నియమం చెట్టు ఒంటిమీదే కనిపిస్తుంది. ఈతను ఒక ఏడు ఒకవైపు గీస్తే మరుసటి ఏడు ఎదురువైపు గీస్తారు. అందువల్ల మాను మీద గాట్లు మెట్లుమెట్లుగా, అటొకటి ఇటొకటిగా మిగులుతాయి. ఆ గాట్లను లెక్కపెడితే చెట్టు ఎన్నేళ్ళు గీతకు వచ్చిందో తెలుస్తుంది. రాతి శాసనం లేని చోట మాను మీది శాసనం అది. తాటిలో పోత్తాడు, పరుపుతాడు, పండుతాడు అనే విభాగం ఏ చెట్టు ఏ కాలంలో కల్లునిస్తుందో చెప్పే కాలమానం. ఏడాది పొడుగునా ఒకే చెట్టు మీద భారం పడకుండా పంచుకొనే ఏర్పాటు ఈ మూడు మాటల్లో ఉంది.

నిజాం రాజ్య ఆదాయంలో ఆబ్కారీ పెద్ద పద్దుల్లో ఒకటి. చెట్టు పన్ను, గుత్తేదారు పాట, దొరల ఇళ్ళకు వెట్టిగా కల్లు పోయడం గీత వృత్తిపై పడిన భారాలు. నల్లగొండ జిల్లా కేంద్రంగా 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి నేపథ్యమైన వెట్టిలో ఇది ఒక భాగం. అయినప్పటికీ ఈ కథకు మరో పార్శ్వం ఉంది. రాజ్యానికి పన్ను తెచ్చే చెట్టు, గౌడకు కూడు పెట్టే చెట్టు కాబట్టి దానిని నరకడం ఎవరికీ అనుకూలం కాదు. చుట్టూ తుప్పలు అంతరిస్తున్నా వాగుల వెంట ఈతలు మిగలడానికి ఈ ఉమ్మడి ప్రయోజనం ముఖ్య కారణమని భావించవచ్చు. దోపిడీ, పరిరక్షణ ఒకే చెట్టు మీద కలిసి ఉండగలవన్న ఇబ్బందికరమైన సత్యాన్ని ఈతవనం మన ముందు ఉంచుతున్నది.

చెరువు విషయంలో 'శిఖం' అనే మాట ఇలాంటిదే. పారసీకంలో శికమ్ అంటే కడుపు. చెరువు నీరు నిలిచే నేలను చెరువు కడుపు అనడం రెవెన్యూ భాషలో అరుదుగా దొరికే అందమైన ఊహ. కడుపు నిండినప్పుడు అది నీరు. వేసవిలో ఖాళీ అయినప్పుడు అది మేతభూమి, ఒండ్రు తవ్వుకొనే చోటు, నల్లతుమ్మలు పెరిగే చోటు. నాగలికి, బండికి గట్టికర్ర ఇచ్చినది ఆ తుమ్మే. కందూరు చోడుల కాలంలో పానగల్లులో వెలసిన ఉదయసముద్రం వంటి పెద్ద చెరువు మొదలుకొని చిన్న కుంట వరకు ఈ సూత్రం ఒకటే. శిఖం ఒకే నేలకు రెండు కాలాల్లో రెండు ధర్మాలున్నాయని గుర్తించిన మాట. నేడు శిఖం భూములు ఏడాది పొడుగునా ఎండి, ఇళ్ళ స్థలాలుగా మారుతున్న చోట ఆ రెండో ధర్మం మాత్రమే చూసి మొదటిదాన్ని మరిచారని అర్థం.

నల్లమల: చెంచుల పెంటలు

ఊరి భూముల నుంచి అమ్రాబాదు పీఠభూమి మీదికి వెళితే వృక్షసంపద మారుతుంది. నల్లమద్ది, ఏగి, టేకు, వెదురు, తునికి, ఇప్ప, సార చెట్లతో ఆకురాల్చే అడవి. చెంచులకు అది ఆవాసం. ఆస్ట్రియా దేశీయుడైన మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లో ఇక్కడ పరిశోధన చేసి, 1943లో చెంచుల గురించి తన గ్రంథాన్ని ప్రకటించాడు. గడ్డలు తవ్వడం, ఇప్పపువ్వు ఏరడం, తేనె తీయడం, వేట వీరి జీవికగా అతడు నమోదు చేశాడు. సంచరించే వారైనా వారిది హద్దులేని తిరుగుడు కాదని, ఏ గుంపు ఏ మేరలో సేకరించుకోవాలో వారికి తెలుసునని ఆ అధ్యయనం స్పష్టం చేసింది. పటం మీద గీత లేకపోయినా నేల మీద హద్దు ఉంది. హైమెండార్ఫ్ సిఫారసుల ఫలితంగా 1940లలో నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాల అడవిని చెంచుల కోసం ప్రత్యేకించింది.

చెంచుల ఏడాది కూడా రుతువుల వరుసే. వేసవి మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది, దాని వెనుకే సారపండ్లు, తునికి పండ్లు వస్తాయి, వానలకు గడ్డల తీగలు మొలుస్తాయి. ఒక్కో కాలానికి అడవిలో ఒక్కో చోటు ముఖ్యమవుతుంది. తక్కిన చోట్లు ఆ కాలంలో తమంతట తాము విశ్రాంతి పొందుతాయి. అడవిలో విశ్రాంతి మనుషుల సంచారం వల్ల కలుగుతున్నది. సంచారాన్ని ఒకచోట స్థిరపరిస్తే భారం ఆ చోటు మీదే పడుతుంది.

దీనికి భిన్నంగా అటవీ శాఖ దృష్టి స్థలం మీద గీసిన గీతది. హైదరాబాదు అటవీ చట్టాలు 1326, 1355 ఫసలీల్లో వచ్చాయి. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం అమలైంది. 1971లో చిల్లర అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టం కింద బీడీ ఆకు వ్యాపారం ప్రభుత్వపరమైంది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి పులుల రక్షిత ప్రాంతమైంది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాదు పులుల రక్షిత ప్రాంతంగా ఏర్పడింది. దీని విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. ఒక్కో దశలో గీత లోపలి భూమి రక్షణ పెరిగింది. ఆ లోపలి మనుషుల వాడకం మాత్రం అనుమతిగానో ఉల్లంఘనగానో మారింది. నిర్వహణ అన్న మూడో అర్థానికి చట్టంలో చోటు దొరకలేదు. 2006 అటవీ హక్కుల చట్టం సామాజిక అటవీ వనరులను కాపాడుకొనే, నిర్వహించుకొనే హక్కును, ఆదిమ తెగల ఆవాస హక్కును గుర్తించి, ఆ మూడో అర్థాన్ని తొలిసారిగా చట్టభాషలోకి తెచ్చింది.

బంజరు: లెక్కలోకి రాని వాడకం

ఊరి భూములకు తిరిగి వస్తే, వాటి విధిని నిర్ణయించిన మాట 'బంజరు'. 1317 ఫసలీ నాటి హైదరాబాదు భూమి రెవెన్యూ చట్టం ప్రకారం యజమాని లేని నేల సర్కారుది. సాగు లేని నేలకు శిస్తు లేదు. శిస్తు లేని నేల రికార్డులో బంజరు, లేదా ఖాతా బయటిదని చెప్పే 'ఖారిజ్ ఖాతా'. ఈ మాటల్లో ఆ నేల మీద జరిగే పనిని గురించి ఒక్క అక్షరం కూడా లేదు. కట్టెలు, మేత, తంగేడు చెక్క, విస్తరాకు, రేగుపండ్లు ఇచ్చే నేల కూడా రికార్డులో ఏమీ ఇవ్వని నేలే. స్వాతంత్ర్యానంతరం లావణి నిబంధనల కింద ఇలాంటి భూములు పట్టాలుగా పంపిణీ అయ్యాయి. భూమిలేని వారికి భూమి ఇవ్వడం న్యాయమైన ఆశయమే. తెలంగాణ పోరాటం లేవనెత్తిన ప్రధాన డిమాండూ అదే. దొరల భూమికి బదులు ఉమ్మడి మేతభూమి ఆ పంపిణీకి సులువైన వనరు కావడమే ఇక్కడ ఆలోచించవలసిన విషయం.

దీని పర్యవసానాన్ని కొలిచిన అధ్యయనం అదృష్టవశాత్తూ ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో ప్రారంభించిన గ్రామస్థాయి అధ్యయనాలకు ఎంచుకొన్న తొలి ఆరు గ్రామాల్లో రెండు, ఔరేపల్లి, డోకూరు, మహబూబ్‌నగర్ జిల్లావే. ఆ సంస్థలో పనిచేసిన ఆర్థికవేత్త ఎన్.ఎస్. జోధా ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో 80కి పైగా గ్రామాలను పరిశీలించి 1986లో ఫలితాలు ప్రకటించాడు. 1950ల ఆరంభం నుంచి 1980ల ఆరంభం వరకు ఉమ్మడి భూముల విస్తీర్ణం వివిధ రాష్ట్రాల్లో 31 నుంచి 55 శాతం వరకు తగ్గింది. పేద కుటుంబానికి ఉమ్మడి వనరుల నుంచి ఏటా 530 నుంచి 830 రూపాయల ఆదాయం వచ్చేది. అది ఆనాటి పలు పేదరిక నిర్మూలన పథకాలు ఇచ్చినదానికంటే ఎక్కువ. పేదలకోసమని ప్రైవేటుపరం చేసిన ఉమ్మడి భూముల్లో 49 నుంచి 86 శాతం పేదలు కానివారి చేతికే చేరింది. 'బంజరు' అన్న ఒక్క మాట వెనుక ఎంత సంపద కనపడకుండా ఉండేదో ఈ అంకెలు చెబుతున్నాయి. పాలమూరు వలసకూలీల చరిత్రను వానల లెక్కతోనే గాక, ఊరు కోల్పోయిన ఉమ్మడి నేలల లెక్కతో కూడా చదవవలసిన అవసరం ఉంది.

సాక్షులుగా రెండు మొక్కలు

వాడకపు నియమాలు సడలిన నేల ఏమవుతుందో రెండు మొక్కలు చెబుతాయి. రెండూ పరదేశపువే.

మొదటిది సీతాఫలం. ఉష్ణమండల అమెరికా దీని పుట్టిల్లు. భర్హుత్ శిల్పాల్లోని ఒక పండును చూసి కన్నింగ్‌హామ్ దీనిని ప్రాచీన భారతీయ ఫలమని వాదించినా, వృక్షశాస్త్రజ్ఞుల్లో అత్యధికులు పోర్చుగీసుల ద్వారా వచ్చిందనే అంగీకరిస్తారు. నేడు ఇది పాలమూరు గుట్టల ప్రధాన మొక్కల్లో ఒకటి. జాతీయ రహదారి మీది బాలానగర్ పేరే ఒక సీతాఫల రకానికి పేరైంది. గుట్టల మీద ఇది ఇంతగా వ్యాపించడానికి ముఖ్య కారణం దాని ఆకు. మేక ఆ ఆకును ముట్టదు. మేత ఒత్తిడి పెరిగి తక్కిన పొదలు తగ్గిన చోట మేకకు గిట్టని మొక్క నిలబడింది. మనిషి పండు తిని గింజ పారవేశాడు. పేదల పండుగా పేరుపొందిన ఈ ఫలం గుట్టల అతిమేతకు తీపి గుర్తు కూడా.

రెండవది సర్కారు తుమ్మ. ఇది 1870ల చివర మద్రాసు ప్రభుత్వ అటవీ అధికారుల చొరవతో కడప ప్రాంతంలో ప్రవేశించి, క్రమంగా తెలుగు సీమలంతటా వ్యాపించింది. తీయని కాయను పశువులు తిని పేడతో గింజ చల్లాయి. ఆకును మాత్రం అవీ ముట్టవు. నల్లతుమ్మ, తెల్లతుమ్మ అని రంగును బట్టి పేర్లు పెట్టిన ప్రజలు దీనికి యజమానిని బట్టి పేరు పెట్టారు. ఇది ఎవరు తెచ్చిన మొక్కో, ఎవరిదీ కాని నేలను ఎవరిదిగా భావించారో ఆ ఒక్క విశేషణంలో ఉంది. ఎండిన శిఖాల్లో, విడిచిన బంచరాయిల్లో ఇది దట్టంగా అల్లుకోవడం యాదృచ్ఛికం కాదు. వాడకపు నియమం పోయిన చోటికే అది వచ్చింది.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, దక్షిణ తెలంగాణ మెట్టసీమల వృక్షసంపద సహజమూ కాదు, కృత్రిమమూ కాదు. మేత, నిప్పు, గీత, సేకరణ, విరామం అనే చేతలు తరతరాలుగా దిద్దిన రూపమది. రెండు, కంచ, శిఖం, వనం, పోత్తాడు వంటి మాటల్లో కాలం హద్దుగా ఉంది. బంజరు, ఖారిజ్ ఖాతా వంటి మాటల్లో ఆదాయమే హద్దు. మూడు, మొదటి రకం హద్దులు చెరిగిన చోట వృక్షసంపద అడవిగా తిరిగి మారలేదు. సర్కారు తుమ్మగానో, ఇళ్ళ స్థలంగానో మారింది.

ఈ విషయాలు గతానికి మాత్రమే పరిమితం కావు. నల్లమలలో యురేనియం అన్వేషణను వ్యతిరేకిస్తూ 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఆ అడవిని కాపాడాలన్న విషయంలో నాడు సమాజమంతా ఏకమైంది. కాపాడవలసిన ఆ అడవి చెంచుల పెంటలతో కూడినదా, పెంటలను తొలగించినదా అనే ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. ఉట్నూరు నుంచి అప్పాపూర్ దాకా చూసిన చరిత్ర, మనిషిని తీసివేసి ఈ సీమ వృక్షసంపదను అర్థం చేసుకోలేమనే చెబుతున్నది.

తెలుగు శాఖల పాత్ర ఇక్కడే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం, వృత్తి నుంచి పదాన్ని, పదం నుంచి జ్ఞానాన్ని రాబట్టే పద్ధతిని మనకు చూపింది. అదే పద్ధతిలో ఈ రెండు పాత జిల్లాల ఊరూరా మేతకు, గీతకు, కంపకు, గడ్డలకు, ఆకులకు సంబంధించిన మాటలను, ఆ మాటలు సూచించే నెలలతో, నేలలతో సహా సేకరించవలసి ఉంది. ఒక సామాజిక హక్కును నిరూపించవలసి వచ్చినప్పుడు గ్రామసభ చూపగలిగే ఆధారాల్లో ఆ మాటలూ ఉంటాయి. కంచ మూసిన నెలను, పోత్తాడు గీసిన నెలను చెప్పగల వృద్ధులు ఇంకా ఉన్నారు. ఆ నెలలను వారి నోట విని రాసుకోవడమే ఈ పరిశోధనలో తరువాతి అడుగు.